రేడియో తరంగాలతో పరమాణువు గుట్టు పట్టిన ఆచార్య రంగధామరావు

పెద్ద పరిశోధనలు పెద్ద పట్నాల్లోనే సాగుతాయన్న మాట నిజం కాదని విజయనగరం మహారాజా కళాశాల నూరేళ్ళ క్రిందటే రుజువు చేసింది. ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావు పరిశోధనలో ఓనమాలు దిద్దుకున్నది అక్కడే.

1898లో బరంపురంలో జన్మించిన ఆయన, ఆ కళాశాలలో ఆచార్య ఎ.ఎల్. నారాయణ్ గారి వద్ద వర్ణపట శాస్త్రంలో కృషి ప్రారంభించారు. లోహాన్ని బాగా కాచి, ఆ ఆవిరిగుండా వెలుతురు పంపితే కొన్ని రంగులు మాయమవుతాయి. ఏ రంగు పోయిందో చూసి పరమాణువు తీరు చెప్పవచ్చు. సీసపు ఆవిరిపై గురుశిష్యులు, డి. గున్నయ్య గారితో కలిసి చేసిన పరిశోధన 1924లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

తరువాత రంగధామరావు లండన్ వెళ్ళి ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పనిచేశారు. అక్కడే ఉండిపోక తిరిగివచ్చి, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వర్ణపట ప్రయోగశాలను పెంచి పెద్దచేశారు.

యాభై ఏళ్ళు దాటాక కూడా కొత్త విద్యకు ఆయన వెనుదీయలేదు. వెలుతురుకు బదులు రేడియో తరంగాలు పంపి, పరమాణు కేంద్రకం ఇచ్చే జవాబును పట్టుకొనే విధానం 1950 ప్రాంతంలో జర్మనీలో వెలువడింది. ఆ దశకంలోనే ఆయన దానిని వాల్తేరులో ప్రారంభించారు. రేడియో అంటే పాటలు, వార్తలే అని జనం అనుకునే రోజులవి! నేలలో పాతిన మందుపాతరను తవ్వకుండానే పసిగట్టే పరికరాలను తరువాతి వారు ఇతర దేశాల్లో ఇదే సూత్రంపై రూపొందించారు.

ఆయన 1972లో కన్నుమూశారు. భారత జాతీయ సైన్సు అకాడమీ ఆయన పేర స్మారకోపన్యాసం నెలకొల్పింది. చిన్న ఊరి కాలేజీలో చదువుతున్నామని చిన్నబుచ్చుకునే మన విద్యార్థులకు ఆయన జీవితమే ధైర్యం.