అంగడియే పాఠశాల: అల్ జాహిజ్

అరబ్బీ వచన రచయితలలో అగ్రగణ్యుడైన అల్ జాహిజ్ క్రీ.శ. 776 ప్రాంతంలో బస్రా నగరంలో నిరుపేద కుటుంబాన జన్మించాడు. చిన్ననాడు రొట్టెలు, చేపలు అమ్మి పొట్ట పోసుకొన్నాడని ప్రతీతి. పుస్తక విక్రేతల అంగళ్లను అద్దెకు తీసుకొని, అక్కడే రాత్రులు గడుపుతూ చదివేవాడనీ, చేత చిక్కిన గ్రంథాన్ని ముగించనిదే విడిచేవాడు కాదనీ బాగ్దాదు పుస్తక విక్రేత ఇబ్న్ అల్ నదీమ్ 987లో కూర్చిన ‘ఫిహ్రిస్త్’ తెలుపుతున్నది.

ఆ చదువును జాహిజ్ తనలోనే దాచుకోలేదు. జంతువులను గూర్చిన ‘కితాబ్ అల్ హయవాన్’లో అరిస్టాటిల్ అభిప్రాయాలను, అరబ్బు కవుల పద్యాలను పాఠకులకు పంచిపెట్టాడు. ఆ గ్రంథారంభంలోనే పుస్తకమైత్రిని వేనోళ్ల కొనియాడాడు. 868-69లో బస్రాలోనే కన్నుమూశాడు.

పుస్తకం కొనలేని విద్యార్థులు మన తరగతులలోనూ ఉన్నారని మేమెరుగుదుము. వారికి జాహిజ్ ధైర్యం కావాలి. కొనగలవారు తాము మెచ్చిన పుస్తకాన్ని మిత్రుని చేతికందిస్తే, వారికి అంగడి అద్దె తప్పుతుంది.