బ్రౌను దొర – విప్పని తాళపత్రములు

అద్దంకి రెడ్ల యాశ్రయమున ఎఱ్ఱన హరివంశమును రచించెను. కొండవీటి కొలువున శ్రీనాథుడు విద్యాధికారియై వెలసెను. నేడు ప్రత్తియు మిరపయు పండు ఆ నేలలలో పుట్టిన కావ్యములు తాటియాకుల మీదనే తరములు గడచి వచ్చినవి. ఆకును పురుగు తినును, అంచులు విరుగును. మరల వ్రాసికొనువాడు లేనిచో కావ్యము ఆకుతోనే పోవును. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో అట్టి గ్రంథములు పెక్కిండ్లలో కట్టువిప్పువారు లేక పడియుండెను. వానిని విప్పించి చదివించిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. తండ్రి మరణానంతరము ఇంగ్లండులో చదివి, 1817లో కంపెనీ యుద్యోగమునకై చెన్నపట్టణము చేరెను. అచ్చట వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చి, 1820లో కడపకు వచ్చెను. పిదప మచిలీబందరు, రాజమహేంద్రవరములలో పనిచేయుచు వేమన పద్యముల ప్రతులు సేకరింపసాగెను. 1829లో వానిని ఆంగ్లానువాదముతో ప్రకటించెను.

కడపకు మరలివచ్చిన పిమ్మట బంగళా కొని, దానిని పండితుల పనిశాలగా మార్చెను. జీతములు తానే యిచ్చెను, అందులకై అప్పులపాలయ్యెను. ఒక్క కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించెడివాడు. లేఖకులు చేసిన తప్పులు ప్రతి ప్రతికిని వేఱుగ నుండును. ఒకదాని లోపమును మఱియొకటి పూరించును. పండితులు వానిని సరిపోల్చి, పాఠభేదములు గుర్తించి, కాగితముపై సాపు ప్రతి సిద్ధపఱచెడివారు. ఆ శ్రమ దొర యొక్కనిది కాదు. 1851లో అచ్చయిన మనుచరిత్రమునకు జూలూరి అప్పయ్య వ్యాఖ్యయే అందులకు సాక్ష్యము.

1834లో ఉద్యోగము పోయి ఆయన లండను చేరెను. అచ్చట కంపెనీ గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు రెండువేలకు పైగా ఆలనాపాలనా లేక పడియుండుట చూచెను. పట్టుపట్టి వానిని చెన్నపట్టణమునకు పంపించెను. మరల ఉద్యోగమున చేరి తానును తిరిగివచ్చెను.

చదివిన గ్రంథముల సారము వృథా పోలేదు. 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. అందు కావ్యముల మాటలతోపాటు వాడుక మాటలకును చోటిచ్చెను. తన సేకరణను తనతో గొనిపోక చెన్నపురి సాహిత్య సంఘమునకు సమర్పించెను.

1855లో స్వదేశమునకు వెడలి, అనంతరము లండను విశ్వవిద్యాలయమున తెలుగు బోధించి, 1884 డిసెంబరు 12న ఆయన పరమపదించెను. కడపలో ఆయన నివసించిన బంగళా శిథిలములైన చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయము వెలసియున్నది.

గ్రంథములు కూర్చినవారు మనలో పెక్కురు గలరు. కూర్చినదానిని తెఱచి, చదివి, తప్పులు దిద్ది, పదిమందికి అందించుటయే బ్రౌను చేసిన సేవ. మన యింటి బీరువాలో నేటికిని తెఱవని పుస్తకము నిరీక్షించుచున్నది ఆ సేవకే.