లోపమే గురువుగా ఎదిగిన శాస్త్రజ్ఞుడు : లియో బేక్లాండ్

ఒకప్పుడు మన ఇండ్ల గోడలకు అమర్చిన నల్లని విద్యుత్ స్విచ్చులను, బరువైన టెలిఫోను యంత్రాలను, పాత రేడియో పెట్టెలను ఎరుగని పెద్దలు అరుదు. అవి బేకలైటుతో చేసినవని పలువురు చెప్పగలరు. కాని ఆ బేకలైటులో చాలా భాగం, కొన్ని రకాలలో సుమారు సగం వరకు, సామాన్యమైన చెక్కపొడి అని తెలిసినవారు తక్కువ. చెక్కను, కృత్రిమ రసాయనాన్ని ఏకం చేసి, బుడగలు, పగుళ్లు లేని వస్తువును అచ్చులో తీయడం ఎట్లో ప్రపంచానికి నేర్పిన లియో హెండ్రిక్ బేక్లాండ్ జీవితం విద్యార్థులమైన మనకు స్మరణీయం.

బేక్లాండ్ 1863 నవంబరు 14న బెల్జియం దేశంలోని ఘెంట్ నగరంలో జన్మించారు. తండ్రి పాదరక్షలు బాగుచేసే వృత్తిలో ఉండేవారు. తల్లి ఇతరుల ఇండ్లలో పనిచేసిన స్త్రీ. అట్టి కుటుంబంలోని బాలునికి ఉన్నత విద్య అందని పండు కావలసింది. అయితే తల్లి ప్రోత్సాహం, స్వయంకృషి, నగరపాలక సంస్థ ఇచ్చిన విద్యార్థి వేతనం ఆయనను 1880లో ఘెంట్ విశ్వవిద్యాలయానికి చేర్చాయి. ఇరవై ఏండ్లు దాటిన కొద్దికాలానికే, 1884లో, రసాయన శాస్త్రంలో డాక్టరు పట్టం పొందారు. విద్యార్థి వేతనాల ఆసరాతో చదువు సాగిస్తున్న మన సోదర సోదరీమణులకు ఈ ఘట్టం ప్రత్యేకంగా ధైర్యమిస్తుంది.

1889లో తన ఆచార్యుని కుమార్తె సెలీన్‌ను వివాహమాడి, అదే ఏడు అమెరికాకు ప్రయాణమయ్యారు. తొలి సంవత్సరాలలో ఏకకాలంలో అనేక ప్రయోగాలకు పూనుకొని, ఏదీ పూర్తికాక, అనారోగ్యం, ఆర్థిక ఇబ్బందులు రెండింటినీ అనుభవించారు. ఆ తరువాత ఒకే పనిపై దృష్టి నిలిపి, కృత్రిమమైన వెలుతురులో ఛాయాచిత్రాలు ముద్రించగల వెలాక్స్ కాగితాన్ని రూపొందించారు. 1899లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ ఆ వ్యాపారాన్ని పెద్ద మొత్తానికి కొనుగోలు చేసింది. సుఖంగా విశ్రమించదగిన ధనం చేతికి వచ్చినా, ఆయన యాంకర్స్ పట్టణంలోని తన ఇంటివద్దనే ప్రయోగశాలను నెలకొల్పుకొన్నారు.

అది విద్యుత్ పరిశ్రమ శరవేగంగా పెరుగుతున్న కాలం. తీగలకు, పరికరాలకు విద్యుత్తును ప్రసరింపనీయని పదార్థం కావలసివచ్చింది. అందుకు ఎక్కువగా వాడినది లక్క. మోదుగ, రేగు మొదలైన చెట్లపై లక్క పురుగులు కూర్చే ఈ పదార్థం ప్రధానంగా మన దేశం నుండే ఎగుమతి అయ్యేది. హైదరాబాదు లాడ్ బజారు గాజులలోను, ఏటికొప్పాక బొమ్మల నిగనిగలోను మనం నేటికీ చూస్తున్నది ఈ లక్కనే. పురుగులపై ఆధారపడిన సరఫరా పరిశ్రమ అవసరాలకు చాలలేదు. దానికి ప్రత్యామ్నాయం కనుగొనడమే బేక్లాండ్ తొలి లక్ష్యం.

ఫినాల్, ఫార్మాల్డిహైడ్ అనే రెండు రసాయనాలను కలిపితే గట్టి జిగురు పదార్థం ఏర్పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1872లోనే గమనించారు. దేనిలోను కరగక పాత్రకు అంటుకొనే ఆ ముద్ద అప్పటి రసాయన శాస్త్రజ్ఞులకు వ్యర్థంగానే కనిపించింది. తరువాత ప్రయత్నించినవారికి మరొక ఆటంకం ఎదురైంది. ఈ చర్యలో వేడి పుట్టి, ఆవిరి వెలువడి, ముద్ద నురగవలె పొంగి, గట్టిపడిన పిమ్మట లోపలంతా బుడగలతో నిండిపోయేది. అందుచేత వారు వేడిని తగ్గించి, రోజుల తరబడి నెమ్మదిగా గట్టిపరచడానికి యత్నించారు. అప్పటికీ వస్తువు వంకరపోవడం మానలేదు.

1907లో బేక్లాండ్ మెత్తని చెక్కను గట్టిపరచే ఉద్దేశంతో, దానిని ఈ రసాయన మిశ్రమంలో నానబెట్టి, మూసిన గొట్టాలలో వేడిచేశారు. చెక్క కంటె, దాని నుండి బయటికి వచ్చి గట్టిపడిన పదార్థమే ఆయన దృష్టిని ఆకర్షించింది. ఇతరులు భయపడిన వేడిని ఆయన తగ్గించలేదు, పెంచారు. దానితోపాటు పీడనాన్నీ పెంచారు. మందమైన లోహపు పాత్రలో, మన వంటింటి ప్రెషర్ కుక్కరులో వలె, ఒత్తిడి కింద ఉన్న ఆవిరి బుడగలుగా విచ్చుకొనలేకపోయింది. దినాలు పట్టే పని స్వల్పకాలంలో ముగిసింది. వేడికి, పీడనానికి సంబంధించిన ఈ విధానానికి 1907 జూలై 13న దరఖాస్తు చేయగా, 1909 డిసెంబరు 7న పేటెంటు లభించింది.

ఇక మిగిలినది పెళుసుదనం. రసాయన పదార్థం ఒక్కటే అయితే దెబ్బకు గాజువలె పగులుతుంది. అందులో మెత్తని చెక్కపొడిని కలపగా, దాని పీచు పగులును అడ్డుకొన్నది, చల్లారునప్పుడు కుంచించుకుపోవడం తగ్గింది, ఖర్చూ తగ్గింది. మన కొండపల్లి కళాకారులు చింతగింజల పొడిని, రంపపు పొట్టును కలిపి మక్కు చేసి బొమ్మల అవయవాలను అతికించడంలోనూ ఇట్టి వివేకమే ఉన్నది. 1910లో స్థాపించిన జనరల్ బేకలైటు కంపెనీ ద్వారా ఆ వస్తువులు దేశదేశాలకు వ్యాపించాయి.

బేకలైటు ఒకసారి గట్టిపడితే మరల కరగదు. నేడు పాలిప్రొపిలీన్ వంటి, వేడికి కరిగే ప్లాస్టిక్కులో చెక్కపొడి కలిపి, యంత్రంతో అచ్చులోనికి వేగంగా నెట్టే ఇంజెక్షన్ మోల్డింగ్ పద్ధతి వాడుకలో ఉన్నది. పద్ధతి మారినా శత్రువులు పాతవే. చెక్కలోని తేమ ఆవిరై బుడగలను, వెండి చారలను కలిగిస్తుంది. కనుక పొడిని ముందే ఆరబెట్టి తేమను ఒక శాతం లోపుకు తేవాలి. వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటితే చెక్క మాడి రంగు మారుతుంది. నీటిని ప్రేమించే చెక్కకు, నీటిని విసర్జించే ప్లాస్టిక్కుకు పొత్తు కుదరదు. వాటిని కలిపే మధ్యవర్తి రసాయనం కావాలి. అచ్చు నిండిన పిమ్మట పీడనం నిలపకపోతే వస్తువు ఉపరితలం గుంటలు పడుతుంది.

ఈ కారణాలు ఒకదానితో నొకటి ముడిపడినవి. వాటిని తక్కువ ప్రయోగాలతో విడదీసి చూచే గణిత సాధనాన్ని 1940ల దశకంలో రూపొందించినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన తెలుగు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు. లంబకోణ శ్రేణులనబడే ఆ పట్టికలను జపాను ఇంజనీరు గెనిచి తగుచి కర్మాగారాలలో ప్రచారం చేశారు. అచ్చు వస్తువుల లోపాలను తగ్గించే పరిశోధనలలో అవి నేడు విరివిగా వాడబడుతున్నాయి.

బేక్లాండ్ 1939లో తన సంస్థను యూనియన్ కార్బైడ్‌కు అప్పగించి, 1944 ఫిబ్రవరి 23న న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్‌లో కన్నుమూశారు. ఆయన సృష్టి నిర్దోషమైనదని మనం అనరాదు. మరల కరగని పదార్థం వాడి పారవేసిన పిదప భూమికి భారమే. ఆ లోపాన్ని తొలగించే బాధ్యత తరువాతి తరాలది. మన ఓరుగల్లు ప్రాంతంలో వరి ఊకకు, పత్తి కట్టెకు కొదువ లేదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా వెలసి, 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా మారిన విద్యాలయం మన నగరంలోనే ఉన్నది. మన కళాశాల నుండి అటువంటి ప్రయోగశాలలకు చేరుకొనే విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకొందురు గాక. ఇతరులు వ్యర్థమని విడిచిన ముద్దను బేక్లాండ్ పారవేయలేదు. అది ఎందుకు చెడిందని ప్రశ్నించి, కొలిచి, వ్రాసుకొని, మరల పరీక్షించారు. చెప్పులు కుట్టే వాని కుమారుని శాస్త్రజ్ఞునిగా నిలిపినది ఆ ఓర్పే.