సముద్రం దాటిన వీధులు

మనలో చాలామందికి సొంతూరంటే వేసవి సెలవుల్లో మాత్రమే చూసే ఊరు. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు రాగానే సామానంతా పెట్టెల్లోకి చేరుతుంది. కొత్త బడి, కొత్త స్నేహితులు, చుట్టూ కొత్త భాష. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు మాత్రం మనతోపాటే వస్తుంది. ఇలా ఊరికి దూరమైనవాళ్ల కోసం ఒకావిడ ఊరినే సినిమాగా తీసి సముద్రం దాటించారు. ఆవిడే ఎల్వీరా నోతారి, ఇటలీలో మొట్టమొదటి మహిళా సినిమా దర్శకురాలు.

ఎల్వీరా 1875 ఫిబ్రవరి 10న దక్షిణ ఇటలీలోని సలెర్నో పట్టణంలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు. పుట్టింటి ఇంటిపేరు కోడా. ఆడపిల్లల్ని పెద్దగా చదివించని ఆ రోజుల్లోనే ఆమె ఉపాధ్యాయ శిక్షణ పొందారు. కుటుంబం నేపుల్స్ నగరానికి మారాక ఆడవాళ్ల టోపీలు తయారుచేసే పని చేశారు. 1902లో నికోలా నోతారితో పెళ్లయింది. ఆయన ఫొటోలకు రంగులు అద్దేవారు.

సినిమా అప్పటికింకా పసిబిడ్డ. తెర మీది మనుషులకు మాటా లేదు, రంగూ లేదు. రంగు కోసం తరచూ ఫిల్ము మీద ఒక్కో ఫ్రేముకూ చేత్తో పూసేవారు. అప్పట్లో సెకను ఆటకు దాదాపు 16 ఫ్రేములు పట్టేవి. అంటే ఒక్క నిమిషం సినిమాకు వెయ్యికి దగ్గరగా చిన్న చిన్న చిత్రాలకు రంగు వేయాలన్నమాట! ఎల్వీరా దంపతులు ముందు ఇతరుల సినిమాలకు ఈ పని చేసిపెట్టారు. పని చేస్తూనే సినిమా ఎలా తయారవుతుందో నేర్చుకున్నారు. 1906 ప్రాంతంలో సొంతంగా చిన్న చిత్రాలు తీయడం మొదలుపెట్టారు. ఆట ముగిశాక ప్రేక్షకులకు వీడ్కోలు చెప్పే బుల్లి చిత్రాలు, ఊరి విశేషాలు చూపే చిత్రాలు అందులో ఉండేవి.

తర్వాత పెద్ద కథాచిత్రాలకు దిగారు. వారి సంస్థ పేరు డోరా ఫిల్మ్. డోరా వారి కూతురి పేరు. ఒకరకంగా అది ఇంటిల్లిపాదీ నడిపిన సంస్థ. కథ రాయడం, దర్శకత్వం వహించడం ఎల్వీరా పని. కెమెరా నికోలాది. కొడుకు ఎడ్వార్డో చిన్నప్పటి నుంచే నటించాడు. జెన్నరియెల్లో అనే పేరుతో సినిమా తర్వాత సినిమాలో కనిపించి ప్రేక్షకులకు ఇంటిపిల్లాడైపోయాడు. నటన నేర్పడానికి ఎల్వీరా ఒక బడి కూడా నడిపారు. షూటింగులో ఆమె చాలా కఠినంగా ఉండేవారట. దొంగ కన్నీళ్లు ఆమెకు నచ్చేవి కావు. నటులకు వారి సొంత బాధలు గుర్తుచేసి నిజంగానే ఏడ్చేలా చేసేవారని చెబుతారు.

అప్పటి ఇటలీలో పేరున్న సినిమాలు చాలావరకు ప్రాచీన రోము రాజుల కథలు, ధనవంతుల మేడల్లో జరిగే కథలు. వాటి కోసం భారీ సెట్లు వేసేవారు. ఎల్వీరా కెమెరాను నేపుల్స్ ఇరుకు సందుల్లోకి తెచ్చారు. బట్టలు ఆరేసిన వీధులు, జాతర జనం, కూలి చేసుకునే ఆడవాళ్లు, బడి ముఖం చూడని పిల్లలు ఆమె సినిమాల్లో కనిపిస్తారు. 1922లో వచ్చిన 'ఆ శాంతనొత్తె'లో నాయిక కాఫీ దుకాణంలో పనిచేసే పేదపిల్ల. ఆమె సంపాదించిందంతా తాగుబోతు తండ్రి లాక్కుంటాడు.

ఆమె సినిమాల్లో చాలావాటికి నేపుల్స్ జనం పాడుకునే పాటలే ఆధారం. మూకీ సినిమాకు పాటెక్కడిదని మనకు అనుమానం రావచ్చు. తెర మీద బొమ్మ ఆడుతుంటే హాల్లోనే గాయకులు దానికి తగ్గట్టు పాడేవారు. తెర మీద వచ్చే రాతల్లో కూడా నేపుల్స్ యాస ఉండేది. పుస్తకాల ఇటాలియన్ వేరు, నేపుల్స్ వీధుల్లో మాట్లాడే మాట వేరు. ఆ వీధిమాటను చూపడానికి ఎల్వీరా సిగ్గుపడలేదు.

ఆ కాలంలో దక్షిణ ఇటలీని పేదరికం పీడిస్తుండేది. 1880 నుంచి 1920 వరకు 40 లక్షలకు పైగా ఇటలీవాసులు అమెరికా చేరారు. వారిలో ఎక్కువమంది దక్షిణాదివారే. డోరా ఫిల్మ్ న్యూయార్క్‌లోనూ ఒక శాఖ తెరిచింది. కొందరు వలసవాసులు తమ ఊరిని సినిమా తీసి పంపమని డబ్బిచ్చి మరీ అడిగేవారు. వీడియో కాల్ లేని కాలమది. ఓడలో వెళ్లినవాళ్లలో ఎందరో మళ్లీ ఊరి ముఖం చూడలేదు. అలాంటివారికి చీకటి హాల్లో తమ ఊరి వీధి, తమ చర్చి తెర మీద కనిపిస్తే ఎలా ఉండి ఉంటుందో మనకైతే కొంచెం తెలుసు.

1922లో ముస్సోలినీ అధికారంలోకి వచ్చాడు. దేశమంతటా ఒకే భాష వినపడాలని, ఇటలీ గొప్పగా కనపడాలని ఫాసిస్టు ప్రభుత్వం పట్టుబట్టింది. పేదల సందులు, యాస మాటలు దేశానికి పరువు తక్కువ అంది. ఎల్వీరా సినిమాలకు సెన్సారు చిక్కులు పెరిగాయి. ఇంతలో మాట్లాడే సినిమాలు వచ్చేశాయి. ఓ చిన్న ఇంటి సంస్థ ఆ ఖర్చు తట్టుకోవడం కష్టం. 1930తో డోరా ఫిల్మ్ చిత్రనిర్మాణం ఆగిపోయింది. ఎల్వీరా సలెర్నోకు దగ్గరలోని కావా దె తిర్రేని పట్టణానికి వెళ్లిపోయి, 1946 డిసెంబరు 17న అక్కడే కన్నుమూశారు.

ఆమె తీసినవి దాదాపు 60 కథాచిత్రాలు, వందకు పైగా చిన్న చిత్రాలు. కథాచిత్రాల్లో పూర్తిగా మిగిలినవి మూడంటే మూడే. 'ఆ శాంతనొత్తె', అదే ఏడాది వచ్చిన 'ఎ పిచ్చెరెల్లా', 1927 నాటి 'ఫాంతసీయా ఎ సుర్దాతో'. ఆమె చేసిన పని చాలాకాలం భర్త ఖాతాలోనే పడింది. సరిగ్గా ఆమె చివరి రోజుల్లోనే ఇటలీలో రోసెల్లీని, డిసీకా వంటి దర్శకులు కెమెరాను వీధుల్లోకి తెచ్చి మామూలు మనుషుల కథలు తీశారు. ప్రపంచం వారిని మెచ్చుకుంది. అంతకు ముప్పై ఏళ్ల ముందే ఆ దారిన నడిచిన ఎల్వీరాను చాలాకాలం పెద్దగా ఎవరూ తలుచుకోలేదు. చివరికి నేపుల్స్‌లోనే పుట్టి అమెరికాలో స్థిరపడిన జూలియానా బ్రూనో అనే పరిశోధకురాలు ఆమె జీవితాన్ని వెలికితీసి 1993లో ఒక పెద్ద పుస్తకం రాశారు. ఊరికి దూరంగా ఉన్న మనిషే ఆ ఊరి సినిమాల గురించి మళ్లీ లోకానికి చెప్పారు.

ఎల్వీరా రాజుల కథలు తీసి ఉంటే ఇంకా పేరు వచ్చేదేమో. కానీ నూరేళ్ల కిందటి నేపుల్స్ సందులు ఎలా ఉండేవో, అక్కడి పేదలు ఎలా నవ్వేవారో, ఎలా నడిచేవారో నేడు ఆ మిగిలిన మూడు సినిమాలు చూపిస్తాయి. పోయినవాటితోపాటు ఎన్ని వీధులు పోయాయో!

వచ్చే సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మనం కూడా ఒక పని చేద్దాం. నాన్నమ్మ తన యాసలో చెప్పే కథను, తాతయ్య రోజూ కూర్చునే అరుగును, సంత జరిగే వీధిని ఫోనులో తీసి దాచుకుందాం. మన మాట విని ఎవరైనా నవ్వితే నవ్వనీ. తర్వాతి బదిలీ ఎక్కడికైనా సరే, మన ఊరు మన వెంటే వస్తుంది.