పోలేరమ్మను చుట్టకు నిప్పడిగిన వడ్రంగి

2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ పడింది. కర్నూలు, కడప పల్లెల్లో చాలాచోట్ల వైరస్ కంటే ముందు ఫోన్లలోకి వచ్చింది పోతులూరి వీరబ్రహ్మంగారి పేరు. ఈశాన్యం దిక్కున ఒక విషరోగం పుడుతుందని, జనం కోళ్ళలా తూలి రాలిపోతారని, దాని పేరు కోరంకి అని కాలజ్ఞానంలో ఉందంటూ వాట్సాప్‌లో తిరిగింది. కోరంకి అంటే కరోనాయేనని తేల్చేశారు. కోరంగి అనేది కాకినాడ పక్కనున్న పాత రేవు అని, 1789లో, 1839లో తుఫానులు దాన్ని ఊడ్చిపెట్టాయని గుర్తుచేసినా వినే ఓపిక అప్పుడు ఎవరికుంది? కాలజ్ఞానం ఒక్క పుస్తకం కాదు, అచ్చుకో పాఠం. ఎప్పుడు ఏ ఉపద్రవం వచ్చినా అందులో ఒక ముక్క దానికి సరిపోతుంది.

ఆ మెసేజీ చేసిన పని చిన్నది కాదు. రోగం వస్తుందని ఎప్పుడో రాసి ఉంటే, ఎవరు పోవాలో కూడా రాసే ఉంటుంది. అప్పుడు మాస్కు ఎందుకు, ఆసుపత్రి ఎందుకు, బియ్యం కోసం అధికారిని నిలదీయడం ఎందుకు? భయంతో పాటు చేతులు ముడుచుకోవడం కూడా వచ్చింది. బ్రహ్మంగారి పేరుతో అలా జరగడం మాకు వింతగా అనిపించింది. ఎందుకంటే రాయలసీమలో చెప్పుకునే ఆయన జీవితం భయపెట్టే మనిషి జీవితం కాదు.

ఆయన 1608లో పుట్టి 1693లో జీవసమాధి అయ్యారని మఠ సంప్రదాయం చెబుతుంది. మనకు అందిన జీవితమంతా జనం నోటి కథ. ఆ కథను చరిత్ర అనుకుని కాకుండా, జనం ఏం దాచుకున్నారో చూడ్డానికి చదవాలి. విశ్వబ్రాహ్మణ కులంలో పుట్టాడు, చిన్నప్పుడే ఇల్లు వదిలాడు, తిరిగి తిరిగి బనగానపల్లె చేరాడు. అక్కడ గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో పశువుల కాపరిగా కుదిరాడు. పశువుల్ని రవ్వలకొండకు తోలుకుపోయి, అక్కడి గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాశాడని కథ. రాసిన ఆకుల్ని అచ్చమ్మ ఇంట్లో గొయ్యి తీసి పాతిపెట్టి, మీద చింతచెట్టు నాటాడట. ఊరికి కీడు రాబోతే ఆ చెట్టే ముందుగా చెబుతుందని బనగానపల్లెలో నమ్మకం.

1984లో ఎన్టీఆర్ సినిమా వచ్చాక ఈ జీవితం కాషాయం, గడ్డం, గంభీరమైన గొంతుగా స్థిరపడిపోయింది. పల్లె కథలో మాత్రం ఆయన ఎక్కువ కాలం పనివాడే. రెడ్డిగారింట్లో జీతగాడు. తర్వాత కడప జిల్లా కందిమల్లాయపల్లెలో వడ్రంగి. ఇవాళ బ్రహ్మంగారిమఠం అంటున్నది ఆ ఊరినే. అక్కడే గోవిందమ్మను పెళ్ళాడాడు, పిల్లల్ని కన్నాడు. జ్ఞానం చెప్పే అర్హత ఈయనకెక్కడిదని పుష్పగిరి అగ్రహారం బ్రాహ్మణులు నిలదీశారు. శూద్రుడో, కంసాలో, వడ్రంగో జ్ఞానం మాట్లాడితే వచ్చే ప్రశ్న అప్పటికీ ఇప్పటికీ ఒకటే కాబట్టి దాని మీద ఎక్కువ చెప్పం.

కందిమల్లాయపల్లెలో ఉండగా జరిగిందని చెప్పే ఒక కథ దగ్గర మాత్రం ఆగాలి.

పోలేరమ్మ జాతరకు ఊరి పెద్దలు చందాలు వసూలు చేస్తూ వడ్రంగి ఇంటికి వచ్చారు. చందా ఇస్తాను గానీ నాతో గుడిదాకా రండి అన్నాడాయన. గుడి ముందు నిలబడి చుట్ట తీసి, నిప్పు తెచ్చిపెట్టమని పోలేరమ్మనే అడిగాడు. ఊరంతా నోరు తెరుచుకుని చూస్తుండగా అమ్మ నిప్పు తెచ్చి ఇచ్చిందని కథ.

పోలేరమ్మ ఎవరో తెలిస్తే గానీ ఈ కథలో తెగువ అర్థం కాదు. మశూచి, కలరా కాలాల్లో పల్లె వణికిపోయింది ఆమె పేరు తలుచుకునే. ఒంటి మీద పొక్కులు లేస్తే రోగం అనేవారు కాదు, అమ్మవారు పోసింది అనేవారు. ఆమెకు కోపం రాకుండా చూడ్డానికి జాతర. ఆ జాతరలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని ఎవరిదో మన పాఠకులకు చెప్పాల్సిన పనిలేదు. డప్పు కొట్టేది మాదిగలు. దున్నపోతు తల నరకడం, నెత్తురు కలిపిన అన్నం మోసుకుంటూ నడిరాత్రి ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లడం మాల మాదిగల వంతు. రోగానికీ ఊరికీ మధ్య వాళ్ళని నిలబెట్టారు. రోగం పోతే ఊరు బాగుపడేది, వాళ్ళు మళ్ళీ వాడకు పోయేవాళ్ళు. 2020లో చీపురు, బ్లీచింగ్ పొడి పట్టుకుని కంటైన్‌మెంట్ జోన్ల వీధుల్లోకి వెళ్ళిన పారిశుధ్య కార్మికులది ఎక్కువగా ఏ కులమో చూస్తే పొలిమేర పెద్దగా జరగలేదని తెలుస్తుంది.

అట్లాంటి అమ్మవారిని ఒక చేతిపనివాడు పక్కింటి మనిషిని అడిగినట్టు నిప్పడిగాడు. రోగం లేదని అనలేదు, అమ్మ లేదని కూడా అనలేదు. వణకడం మానేశాడు, అంతే. మహమ్మారి రోజుల్లో ఫోన్లలో తిరగాల్సిన కథ ఏదైనా ఉంటే అది ఇదేనని మా అభిప్రాయం. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పోచమ్మ, పోలేరమ్మల గురించి కంచ ఐలయ్య రాసింది చదివిన వాళ్ళు అడుగుతారు: మా అమ్మతో చాకిరీ చేయించుకోవడం గొప్పా అని. న్యాయమైన ప్రశ్నే. పైకి ఎదగాలనుకునే చేతివృత్తి కులం తన గురువును వాడ దేవత కంటే పైన కూర్చోబెట్టుకున్న కథగా కూడా దీన్ని చదవొచ్చు. రెండూ అందులో ఉన్నాయి.

కక్కయ్య కథకు వస్తే ఈ రెండు వైపులూ ఇంకా పదునెక్కుతాయి.

కక్కయ్య మాదిగ. బ్రహ్మంగారు ఒకరోజు శిష్యుడు సిద్ధయ్యకు దేహం గురించి చెబుతున్నారు. దేవుళ్ళు ఎక్కడో లేరు, ఈ ఒంట్లోనే ఒక్కో చక్రం దగ్గర ఒక్కొక్కరు ఉన్నారని. ఎదురుగా కూర్చుని విన్నది సిద్ధయ్య. పక్క నుంచి విన్నది కక్కయ్య. ఇంటికి పోయి, నిద్రపోతున్న భార్య దేహాన్ని కత్తితో చీల్చి చూశాడు. నెత్తురు, పేగులు, మాంసం తప్ప ఏ దేవుడూ కనిపించలేదు. కోపంతో వచ్చి బ్రహ్మంగారిని అబద్ధాలకోరు అని తిట్టాడు. ఆయన కక్కయ్య వెంట ఆ ఇంటికి వెళ్ళి, దేహంలో దేవతల్ని చూపించి, ఆమెను బతికించాడని, అప్పటినుంచి కక్కయ్య శిష్యుడయ్యాడని చెబుతారు.

ఈ కథ చెప్పినప్పుడు చాలామంది కక్కయ్య అమాయకత్వాన్ని చూసి నవ్విస్తారు. మాకు నవ్వు రాదు. చచ్చిన పశువును కోసి, తోలు తీసి, లోపల ఏముందో చేత్తో తెలుసుకున్న కులం అది. దేహం గురించి ఏదైనా చెబితే కోసి చూడడం దాని చదువు. కక్కయ్యను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ప్రశ్న అడిగేవాడు. పక్క నుంచి వినాల్సి వచ్చిన వాడికి అడిగే వీలు లేదు. చాటుగా అందిన సగం జ్ఞానం ఎంత ప్రమాదమో ఈ కథలో ఉంది. నెత్తురు కారింది మాత్రం ఒక మాదిగ ఆడమనిషి ఒంట్లోంచి. నిద్రలో ఉన్న ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. లేచి కూర్చున్నాక ఆమె ఏమందో కథకు అక్కర్లేకపోయింది. లాక్‌డౌన్‌లో పని పోయి, తాగుడుకు దొరక్క, ఇంట్లో మూతబడ్డ మగవాళ్ళ అలజడి ఎవరి ఒంటి మీద దిగిందో వాడల్లో పనిచేసిన కార్యకర్తలకు తెలుసు.

అయినా ఇందులో మేం గట్టిగా పట్టుకునే ముక్క ఒకటుంది. కత్తితో, నెత్తురుతో వచ్చి తిట్టిన మనిషిని బ్రహ్మంగారు పిచ్చివాడని తరమలేదు, ఊరి పెద్దలకు అప్పగించలేదు. లేచి మాదిగవాడకు నడిచాడు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మాస్కులు చాలడం లేదని నోరు విప్పిన దళిత మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్‌కు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ముందు సస్పెన్షన్. మే నెలలో విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి పడేసిన దృశ్యం. అక్కడి నుంచి మానసిక వైద్యశాల. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది, 2021 మేలో ఆయన చనిపోయారు. మన సమాజంలో మానసిక ఆసుపత్రి అనే మాట దళితుడి చెవికి ముందు ఎట్లా వినబడుతుందో ఆలోచించకుండా, కౌన్సెలింగ్ నంబరు గోడ మీద రాసి జనం ఫోన్ చేయడం లేదని విసుక్కోవడంలో అర్థం లేదు.

ఇంటికి నడిచి వెళ్ళే వైద్యం మన పక్కనే పుట్టింది కూడా. కర్నూలును ఆనుకున్న బళ్ళారి జిల్లాలో 1980లలో బెంగళూరు నిమ్‌హాన్స్ ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యాన్ని పెద్దాసుపత్రి నుంచి పల్లె దగ్గరకు తెచ్చే ప్రయత్నం అది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. మహమ్మారి తర్వాత 2022 అక్టోబరులో టెలి మానస్ వచ్చింది, 14416కు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడొచ్చు. మంచిదే. కానీ ఫోన్ మోగేది ఇంట్లో, వినేది కూడా ఇంట్లో వాళ్ళే. ఒక్క గదిలో ఆరుగురు ఉండే కాలనీ ఇంట్లో గుట్టుగా ఏడవడానికి చోటెక్కడుంది?

వాడకు తనదైన ఏర్పాటు ఒకటి ఉండేది. రాత్రి పని ముగిశాక తంబుర, తాళాలు పట్టుకుని తత్త్వాలు పాడుకునే గుంపు. బ్రహ్మంగారి తత్త్వాలు రాయలసీమ దళితవాడల్లో అట్లాగే బతికాయి. తెలంగాణలో దున్న ఇద్దాసు మాదిగ కులంలోంచి వచ్చి తానే తత్త్వాలు కట్టాడు. ఆ పాటల్లో చావు దాచిపెట్టాల్సిన సంగతి కాదు, నలుగురి మధ్య పెట్టి మాట్లాడుకునే సంగతి. అప్పు చేసినవాడు, బిడ్డ పోయినవాడు, పంట ఎండినవాడు ఒకే చాప మీద కూర్చుంటారు. దాన్ని కౌన్సెలింగ్ అని ఎవరూ అనలేదు. లాక్‌డౌన్ ముందుగా ఆపేసింది అట్లా కూర్చోవడాన్నే. ఆగాల్సిందే, గాలిలో వచ్చే రోగం అది. ఆ స్థానంలో వాడకు వచ్చింది మాత్రం వాట్సాప్‌లో కోరంకి.

ఇక సిద్ధయ్య. దూదేకుల కులంవాడు, ముడుమాల ఊరివాడు. కొడుకు మతం వదిలేశాడని తండ్రి గొడవపెడితే కడప నవాబు సిద్ధయ్యను పిలిపించాడని, తన సలాం ఎట్లాంటిదో చూడమని సిద్ధయ్య ఒక బండరాయికి సలాం చేస్తే అది పగిలిందని చెబుతారు. కర్నూలులో 2020 ఏప్రిల్‌లో ముస్లింలను రోగం మోసుకొచ్చినవాళ్ళని వేలెత్తి చూపించిన వాళ్ళలో బ్రహ్మంగారి పటం ఇంట్లో పెట్టుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. అదే నెల 14న కర్నూలు డాక్టర్ ఇస్మాయిల్ హుస్సేన్ కరోనాతో పోయారు. రెండు రూపాయల డాక్టర్‌గా పేదలు చెప్పుకున్న మనిషి. మామూలు రోజులైతే ఆయన జనాజా వెంట ఊరు ఊరంతా నడిచేది. ఆయన చేతి మందు తిన్నవాళ్ళు ఇళ్ళలో ఉండిపోయారు.

బ్రహ్మంగారి కథలో చివరి ఘట్టం అట్లాంటిదే. జీవసమాధికి రోజు నిర్ణయించుకున్నాక, సిద్ధయ్య తట్టుకోలేడని తెలిసి, పూలు తెమ్మని ఆయన్ను బనగానపల్లెకు పంపించాడు. గోవిందమ్మకు మాత్రం ఎదురుగానే చెప్పాడు, తను పోయాక వైధవ్యం పాటించవద్దని. పూలతో తిరిగొచ్చేసరికి సమాధి మూసేశారు. చివరి చూపు దక్కలేదు. సిద్ధయ్య గుండెలు బాదుకున్నాడు, తానూ చస్తానన్నాడు. అప్పుడు సమాధిలోంచి గురువు మాట్లాడాడని, ఓదార్చి దండం, కమండలం, పాదుకలు, ముద్రిక ఇచ్చాడని కథ. చివరి చూపును తప్పించింది గురువే, దానికి సమాధానం చెప్పుకోవలసి వచ్చిందీ గురువే. ఆసుపత్రి సంచీలో కట్టిన శవాన్ని దూరం నుంచి కూడా చూడలేకపోయిన కుటుంబాలకు అట్లా సమాధానం చెప్పడానికి ఏ అధికారీ రాలేదు.

వైశాఖ శుద్ధ దశమినాడు మఠంలో ఆరాధన జరుగుతుంది. కడప, కర్నూలు నుంచే కాదు, కర్ణాటక నుంచీ జనం వస్తారు. 2020లో ఆ తిథి మే మొదటి వారంలో, లాక్‌డౌన్ నడుమ వచ్చింది. గుళ్ళకూ మఠాలకూ భక్తులను రానివ్వని రోజులవి. మఠం పెత్తనం బ్రహ్మంగారి వంశానికి దక్కింది. పాదుకలు సిద్ధయ్య వెంట వెళ్ళాయి. జనం చెప్పుకునే ఆ చివరి ఘట్టంలో కక్కయ్య లేడు, కక్కయ్య భార్యా లేదు. వాళ్ళిద్దరికీ గురువు పోయిన కబురు ఎవరు చెప్పారో, ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు తోడు కూర్చున్నారో కథ కట్టినవాళ్ళు పట్టించుకోలేదు.