నోవా వెబ్‌స్టర్

నోవా వెబ్‌స్టర్ 1758వ సంవత్సరం అక్టోబరు 16న కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ పట్టణానికి పడమటి శివారులో జన్మించాడు. నేడు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒకటైన కనెక్టికట్ అప్పట్లో ఆంగ్లేయుల వలస రాజ్యం. తండ్రి సేద్యం చేసేవాడు, మగ్గం కూడా నేసేవాడు. చదువు మీద కొడుకుకున్న మక్కువ చూసి, పొలం తాకట్టు పెట్టి 1774లో యేల్ కళాశాలలో చేర్పించాడు.

మరుసటి సంవత్సరమే ఆంగ్లేయులతో యుద్ధం మొదలైంది. 1776 జూలై 4న వలస రాజ్యాలు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. ఆ అల్లకల్లోలం నడుమనే వెబ్‌స్టర్ 1778లో పట్టా పుచ్చుకున్నాడు. ఇంటికి రాగానే తండ్రి ఎనిమిది డాలర్ల నోటు చేతిలో పెట్టి, ఇక తన దారి తనను చూసుకోమన్నాడు. యుద్ధం వల్ల ఆ నోటు విలువ బాగా పడిపోయింది. న్యాయవాది కావాలని ఉన్నా, బతుకుతెరువు కోసం వెబ్‌స్టర్ బడిపంతులయ్యాడు.

ఆనాటి బడులు ఎలా ఉండేవి? చిన్నా పెద్దా అందరూ ఒకే గదిలో కిక్కిరిసి కూర్చొనేవారు. పుస్తకాలు ఇంగ్లండులో తయారైనవి. డిల్‌వర్త్ అనే ఆంగ్లేయుడు రాసిన వాచకంలో పిల్లలు వల్లించే ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లండువి. తమ ఊరి పక్కన పారే నది పేరు ఎలా రాయాలో ఆ పుస్తకం చెప్పదు. రాజుపై యుద్ధం చేస్తున్న దేశంలో పిల్లలు ఆ రాజుగారి ఊళ్ల పేర్లు బట్టీ పట్టడం వెబ్‌స్టర్‌కు రుచించలేదు.

1782లో న్యూయార్క్ రాష్ట్రంలోని గోషెన్‌లో పాఠాలు చెబుతూ ఆయన ఒక కొత్త వాచకం రాశాడు. అది 1783లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయింది. మన గుణింతంలాగే మొదట చిన్న చిన్న అక్షరాల కూడికలు, తరువాత చిన్న మాటలు, ఆపైన పెద్ద మాటలు. ప్రతి మాటనూ పలికే తీరులో విడగొట్టి చూపాడు. అమెరికాలోని ఊళ్ల పేర్లకు అందులో చోటు దొరికింది. అట్ట రంగును బట్టి జనం దానిని నీలి అట్ట పుస్తకం అన్నారు. అది కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయింది. అయితే ప్రతికి ఒక సెంటు కూడా రచయితకు దక్కలేదు.

మాటలు నేర్చిన పిల్లవాడు తరువాత ఏం చదవాలి? 1785లో వెలువరించిన పఠన గ్రంథంలో వెబ్‌స్టర్ ఇంగ్లండు కవులతో పాటు అమెరికా రచయితలకూ చోటిచ్చాడు. బానిసత్వాన్ని రద్దు చేయాలని కోరే వ్యాసం కూడా అందులో ఉంది. 1790లో చిన్నపిల్లల కోసం మరొక పుస్తకం కూర్చాడు. కొలంబస్ ప్రయాణం, కెప్టెన్ జాన్ స్మిత్ సాహసాలు, తొలి వలసవారి కష్టాలు అందులోని కథలు. కొత్త రాజ్యాంగం గురించి ప్రశ్నలూ జవాబులూ ఉన్నాయి. కాంగ్రెస్, సెనేట్ వంటి మాటలను పిల్లలు తమ దేశపు సంగతులతో కలిపి నేర్చుకొన్నారు. ఆ నేల మీద అంతకు ముందునుంచీ ఉన్న జాతుల పక్షం మాత్రం ఆ కథలలో వినిపించదు. చదివేవారు ఈ లోటును గుర్తించాలి.

ఆ రోజుల్లో గ్రంథకర్తకు హక్కులు లేవు. ఎవరైనా అచ్చువేసి అమ్ముకోవచ్చు. అందుకని వెబ్‌స్టర్ రాష్ట్రం తరువాత రాష్ట్రం తిరిగి, చట్టం చేయమని శాసనసభలను అర్థించాడు. 1790లో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది.

తరువాత ఆయన దృష్టి నిఘంటువు వైపు మళ్లింది. 1806లో చిన్న నిఘంటువు వెలువడింది. పెద్దదానికి ఇరవై ఏళ్లు పట్టింది. అర్ధచంద్రాకారపు బల్ల మీద అనేక భాషల నిఘంటువులు పరచుకొని, ఒకదాని నుంచి మరొకదానికి జరుగుతూ పనిచేసేవాడట. 1824లో కొడుకు విలియంతో ఓడ ఎక్కి పారిస్, కేంబ్రిడ్జి గ్రంథాలయాలకు వెళ్లాడు. 1825 జనవరిలో కేంబ్రిడ్జిలో చివరి మాట రాసేటప్పుడు చేయి వణికి కలం నిలవలేదు. కాసేపు గదిలో అటూ ఇటూ నడిచి తేరుకొన్నాడు. 1828లో, ఆయన డెబ్బైవ ఏట, 70,000 మాటలతో రెండు సంపుటాలు వెలువడ్డాయి. వెల 20 డాలర్లు.

స్కంక్ అనే జంతువు, హికరీ అనే చెట్టు, స్క్వాష్ అనే గుమ్మడి జాతి కాయ, ఇవన్నీ ఆ నిఘంటువులో ఉన్నాయి. ఈ పేర్లు ఆ నేల మీది పాత జాతుల భాషల నుంచి వచ్చినవే. వెబ్‌స్టర్ మాటల రాతను కూడా తేలిక చేయబూనాడు. కలర్ అనే మాటలో ‘యు’ అనే అక్షరాన్ని తీసివేశాడు. అమెరికన్లు ఈనాటికీ అలాగే రాస్తున్నారు. అన్నీ నిలబడలేదు. కొన్ని మరీ వింత రాతలను చూసి జనం నవ్వారు. మాటల పుట్టుక గురించి ఆయన చెప్పినవాటిలో చాలా భాగం తప్పని తరువాతి పండితులు తేల్చారు. నిఘంటువు రెండవ కూర్పు కోసం ముసలితనంలో ఇల్లు తాకట్టు పెట్టాడు. అది 1841లో వెలువడింది. 1843 మే 28న న్యూ హేవెన్‌లో కన్నుమూశాడు.

నీలి అట్ట పుస్తకం వెబ్‌స్టర్ ఊహించని చోట్లకు కూడా వెళ్లింది. బాల్టిమోర్‌లో బానిసగా ఉన్న ఫ్రెడరిక్ డగ్లస్ అనే బాలునికి యజమాని భార్య అక్షరాలు నేర్పబోగా యజమాని అడ్డుకొన్నాడు. ఆ బాలుడు ఈ పుస్తకంలోని అక్షరాలను చూడకుండా రాయగలిగే దాకా మళ్లీ మళ్లీ దిద్దుకొన్నాడు. అతడే తరువాత బానిసత్వ నిర్మూలన కోసం పోరాడిన గొప్ప వక్త. 1865లో బానిసలు విముక్తులయ్యాక బుకర్ టి. వాషింగ్టన్ అనే చిన్నవాడికి తల్లి ఎక్కడినుంచో ఒక పాత నీలి అట్ట పుస్తకం సంపాదించి తెచ్చింది. ఆమెకు చదవడం రాదు. చెప్పేవారు లేరు. ఆ పుస్తకాన్నే పట్టుకొని అతడు కొన్ని వారాలలో అక్షరాలు చాలావరకు నేర్చుకొన్నాడు.