చమురు నౌక నుంచి మహాసాగర సేనాని దాకా..

విశాఖపట్నం: తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖ వాసులకు జలాంతర్గామి కొత్త కాదు. సాగరతీరంలోని కురుసుర మ్యూజియం 2002 నుంచి చిన్నారులకు సైతం దానిని పరిచయం చేస్తోంది. నడిసంద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం అందించే చమురు నౌకల గురించి మాత్రం తెలిసినవారు తక్కువే. ఈ రెండింటితోనూ జీవితాన్ని పెనవేసుకున్న నావికుడు అమెరికా ఫ్లీట్ అడ్మిరల్ చెస్టర్ నిమిట్జ్.

1885 ఫిబ్రవరి 24న టెక్సాస్‌లోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఆయన జన్మించారు. అప్పటికే తండ్రి కన్నుమూశారు. ఒకప్పుడు ఓడల్లో పనిచేసి, ఆపై హోటల్ నడిపిన తాత చేరదీశారు. సైనిక అకాడమీలో ఖాళీ లేకపోవడంతో 1901లో నౌకాదళ అకాడమీలో చేరిన నిమిట్జ్, 1905లో 114 మందిలో ఏడో స్థానంలో నిలిచారు.

1908లో ఫిలిప్పీన్స్ తీరంలో ఆయన నడుపుతున్న డెకాటర్ నౌక మేట వేసిన చోట నేలకు తగులుకుంది. కోర్టు మార్షల్ జరిగి, మందలింపుతో సరిపెట్టారు. మరుసటి ఏడాది జలాంతర్గాములకు పంపారు. నాటి జలాంతర్గాములు పెట్రోలుతో నడిచేవి. ఇరుకు గదుల్లో దాని ఆవిరి చేరితే ప్రాణాలకే ముప్పు. డీజిల్ ఇంజిన్లే శరణ్యమని నిమిట్జ్ వాదించారు. 1913లో జర్మనీ, బెల్జియం వెళ్లి వాటిని అధ్యయనం చేశారు. తిరిగివచ్చి మౌమీ అనే చమురు నౌకకు డీజిల్ ఇంజిన్లు అమర్చే బాధ్యత చేపట్టారు. ఇంజిన్‌ను చూపిస్తుండగా పళ్లచక్రాల్లో చిక్కి వేలి కొస తెగిపోయింది. అకాడమీ ఉంగరం అడ్డుపడకుంటే నష్టం ఇంకా పెద్దదయ్యేది.

1917లో అమెరికా ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఐరోపా వెళ్లాల్సిన డిస్ట్రాయర్లకు అట్లాంటిక్ దాటేంత ఇంధనం పట్టదు. ఆ ఏడాది మే నెలలో మౌమీ ఆరు డిస్ట్రాయర్లకు ప్రయాణం ఆగకుండానే చమురు అందించింది. రెండు నౌకలూ ఒకే వేగంతో పక్కపక్కన సాగాలి. మోకులతో కలిపి, నడుమ గొట్టం వేలాడదీయాలి. దగ్గరైతే ఢీకొంటాయి, దూరమైతే గొట్టం తెగుతుంది. ఈ పద్ధతి రూపకల్పనలో నౌక ఇంజినీరు నిమిట్జ్‌దే కీలకపాత్ర.

పెరల్ హార్బర్‌పై దాడి తర్వాత, 1941 డిసెంబరు 31న పసిఫిక్ నౌకాదళ పగ్గాలు చేపట్టారు. ఆ కార్యక్రమం జరిగింది గ్రేలింగ్ అనే జలాంతర్గామిపై కావడం విశేషం. రేవులోని చమురు ట్యాంకులను జపాన్ విమానాలు వదిలేశాయి. దాదాపు 45 లక్షల పీపాల ఆ నిల్వ తగలబడి ఉంటే నౌకాదళం నెలల తరబడి కదిలేది కాదు. 1942 జూన్‌లో మిడ్‌వే వద్ద జపాన్ నాలుగు విమానవాహక నౌకలను కోల్పోయింది. అయితే జపాన్ ఊపిరి తీసింది ప్రధానంగా జలాంతర్గాములే. ఆ దేశం కోల్పోయిన వాణిజ్య నౌకల్లో సగానికి పైగా వాటికే బలయ్యాయి. అందుకు అమెరికా చెల్లించిన మూల్యం 52 జలాంతర్గాములు, సుమారు 3,500 ప్రాణాలు.

హెచ్చరిక లేకుండా వాణిజ్య నౌకలను ముంచడం నేరమని యుద్ధానంతరం న్యూరెంబర్గ్‌లో జర్మన్ అడ్మిరల్ డోనిట్జ్‌పై అభియోగం మోపారు. తమ జలాంతర్గాములూ తొలిరోజు నుంచే ఆ పని చేశాయని నిమిట్జ్ లిఖితపూర్వకంగా అంగీకరించారు. గెలిచిన పక్షం సేనాని నుంచి అలాంటి సాక్ష్యం అరుదు. డోనిట్జ్ శిక్ష ఖరారులో జలాంతర్గామి యుద్ధ నిబంధనల ఉల్లంఘనను న్యాయస్థానం పరిగణనలోకి తీసుకోలేదు.

భారత్‌తోనూ ఆయనకు సంబంధం ఉంది. 1949లో కాశ్మీర్ ప్రజాభిప్రాయ సేకరణ నిర్వాహకునిగా ఐక్యరాజ్యసమితి ఆయనను నియమించింది. ఆ సేకరణ జరగనేలేదు.

1966 ఫిబ్రవరి 20న నిమిట్జ్ మరణించారు. 1975లో సేవలోకి వచ్చిన విమానవాహక నౌకకు ఆయన పేరు పెట్టారు. చమురుతో పేరు తెచ్చుకున్న మనిషి పేరిట వెలసిన ఆ నౌక నడిచేది అణుశక్తితో. 2007 జులైలో అది చెన్నై వచ్చింది. సెప్టెంబరులో బంగాళాఖాతంలో జరిగిన మలబార్ విన్యాసాల్లో పాల్గొంది. వాటిని నిరసిస్తూ వామపక్షాలు కోల్‌కతా, చెన్నైల నుంచి జాతాలుగా బయలుదేరి విశాఖకు చేరుకున్నాయి.